సెల్లార్‌లో సొంతంగా బార్, బాత్‌రూం: హైదరాబాద్ ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి సెల్లార్‌లో చిన్న బార్, పక్కనే బాత్‌రూం కట్టుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది కౌంటర్ గురించి, లైట్ల గురించి. పని సగంలో ఆగిపోయి ఫోన్ చేసేది మాత్రం నీళ్ల గురించే. లోపలికొచ్చే నీళ్లు, బయటికి పోని నీళ్లు. ఈ రెండింటి సంగతి తేలాకే గ్రానైట్ కొనండని అందరికీ చెబుతుంటాను. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి, పని నడిచే వరుసలో జవాబులు ఇక్కడ పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## తలపెట్టే ముందు

సెల్లార్‌లో గది కడితే జీహెచ్‌ఎంసీ వాళ్లతో ఇబ్బంది ఉంటుందా?

ముందు అప్రూవ్డ్ ప్లాన్ తీసి చూడండి. సెల్లార్ మొత్తం పార్కింగ్ అని చూపించి ఉంటే, ఇల్లంతా మీ సొంతమైనా సరే, అందులో బార్ గానీ బాత్‌రూం గానీ కట్టడం ప్లాన్‌కి విరుద్ధమే. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల్లో సెల్లార్ ప్రధానంగా వాహనాల కోసమే. అయితే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లాంటి ఏటవాలు చోట్ల ఒక పక్క భూమిలో ఉండి, రెండో పక్క తోటలోకి తెరుచుకునే కింది అంతస్తుని కూడా చాలామంది సెల్లార్ అనే పిలుస్తారు. ప్లాన్‌లో అది గదిగా ఉంటే మీ పని సులువు. ఎలా ఉన్నా గోడ లేపకముందే లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్‌కో ఇంజినీర్‌కో ప్లాన్ చూపించి, సవరణ కావాలంటే దరఖాస్తు పెట్టించండి. కట్టేశాక అడగడం వల్ల ఉపయోగం లేదు.

అపార్ట్‌మెంట్‌లో నాకు రెండు పార్కింగ్‌లున్నాయి. ఒకదాంట్లో కట్టుకోవచ్చా?

వద్దు. బండి పెట్టుకునే హక్కు మీది, గోడ కట్టే హక్కు మీది కాదు.

ఫ్రెండ్స్‌కి ఇంట్లో పోస్తే కూడా లైసెన్స్ కావాలా? ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చు?

ఇంట్లో సొంతానికి ఎంత ఉంచుకోవచ్చో ఎక్సైజ్ నిబంధనల్లో పరిమితి ఉంది. షెల్ఫులు ఎన్ని కట్టించాలో లెక్క వేసుకునే ముందే మీ ఏరియా ఎక్సైజ్ స్టేషన్‌లో ఆ పరిమితి అడిగి రాసుకోండి. వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే, ఖర్చుల పంపకమే అన్నా సరే, అది అమ్మకం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం ఇవ్వకూడదు. ఇంకొకటి, గోవా నుంచో ఢిల్లీ నుంచో తక్కువ ధరకి వచ్చిందని తెచ్చి అల్మారాలో పేర్చుకునే సీసాలు. మన రాష్ట్రంలో పన్ను కట్టని ఆ సరుకుని ఎన్‌డీపీఎల్ అంటారు. దొరికితే కేసవుతుంది.

ఏ పనులు మనమే చేసుకోవచ్చు? ఏవి బయటివాళ్లకి ఇవ్వాలి?

కొలతలు, డ్రాయింగ్, తేమ పరీక్షలు, పాత సున్నం గీకడం, పెయింట్, టైల్స్, షెల్ఫులు, కౌంటర్ ఫ్రేమ్, కుళాయిలు బిగించడం మీరు చేసుకోవచ్చు. ఓపికుంటే నీళ్ల పైపులు కూడా. కరెంటు వైరింగ్ లైసెన్స్ ఉన్న వైర్‌మన్ చేయాలి. నేల కోయడం, గోడకి కన్నం పెట్టడం స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి చూసి సరేనన్నాకే. మురుగు పంపు ఎంపిక, దాని పైపులైను అనుభవం ఉన్న ప్లంబర్ పక్కన ఉండగా చేయండి. లేబర్ అడ్డా నుంచి తెచ్చుకున్న మనిషికి బరువులు మోయడం, తవ్వడం ఇవ్వండి. డ్రైనేజీ వాటం చూసే బాధ్యత అతనిమీద పెట్టకండి.

పని ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

ఒక వానాకాలం మొత్తం సెల్లార్‌ని ఖాళీగా ఉంచి గమనించండి. ఎక్కడ చెమ్మ వచ్చింది, ఎక్కడ నీళ్లు నిలిచాయి, వాన ఆగిన ఎన్నాళ్లకి ఆరింది, అన్నీ గోడమీద సుద్దతో గుర్తు పెట్టి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దసరా దాటాక సీపేజీ (గోడలోంచి, నేలలోంచి నీళ్లు ఊరడం) పని, దీపావళి తర్వాత డ్రైనేజీ, సంక్రాంతికి గోడలు, ఎండాకాలంలో చెక్కపని. ఈ వరుసలో వెళ్తే ప్రతి పనికీ ఆరే సమయం దొరుకుతుంది. ఎండాకాలంలో పొడిగా కనిపించిన గోడని చూసి ప్లైవుడ్ కొట్టేయడం అన్నిటికంటే పెద్ద నష్టం తెస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లు వాస్తు అంటున్నారు. బాత్‌రూం ఎక్కడ పెట్టాలి?

ఈశాన్యంలో బాత్‌రూం, నైరుతిలో గొయ్యి వద్దని అంటారు. సెప్టిక్ ట్యాంకు లాంటివాటికి వాయవ్యం చాలామంది ఒప్పుకుంటారు. ఆ మూలకి మీ డ్రైనేజీ చాంబర్ దగ్గరగా ఉంటే ఇద్దరి మాటా నెగ్గుతుంది. దూరమైతే పైపు ఎంత పొడవవుతుందో, మధ్యలో ఎన్ని బెండ్లు వస్తాయో కాగితంమీద గీసి ఇంట్లోవాళ్లకి చూపించి మాట్లాడండి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

సీపేజీ ఎంత ఉందో, నేల రాయో మట్టో తెలియకుండా ఎవరైనా అంకె చెబితే నమ్మకండి. డబ్బుని ఈ వరుసలో కేటాయించండి: వాటర్‌ప్రూఫింగ్, మురుగు పంపు, వైరింగ్, బాత్‌రూం. మిగిలిందే బార్‌కి. కౌంటర్‌ని వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. నేల కింద పైపు మార్చాలంటే మొత్తం పగలగొట్టాలి.

## నీళ్లు, చెమ్మ

వాన ఆగి చాలా రోజులైనా గోడలోంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కడివి?

హైదరాబాద్ నేల స్వభావమే అది. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్ షీట్ రాక్. వాన నీరు మొరంలోంచి సులువుగా దిగుతుంది. రాయిలోకి దిగలేక, రాతి మీదుగానే పక్కకి పాకుతుంది. సెల్లార్ కోసం ఆ రాయిని పగలగొట్టి గొయ్యి తీస్తే, గోడకీ రాయికీ మధ్య వదులు మట్టి పోసి పూడుస్తారు కదా, ఆ సందు నీళ్లు నిలిచే తొట్టి అయిపోతుంది. వాన వెలిసినా ఆ తొట్టి ఖాళీ అయ్యేదాకా గోడ చెమ్మగానే ఉంటుంది. అందుకే చాలాసార్లు లోపల పూత కంటే ముందు బయట పని చేయాలి. డాబా నీళ్లు దిగే పైపుని గోడకి దూరంగా మళ్లించండి. గోడని ఆనుకుని ఉన్న పూలమడి తీసేయండి. ఇంటి చుట్టూ గచ్చుకి బయటివైపు వాలు ఇవ్వండి. మంచినీళ్ల సంపు సెల్లార్ గోడని ఆనుకుని ఉంటే దాన్ని నింపి, మోటారు ఆపి, ఒక రాత్రి నీటిమట్టం దిగుతుందేమో చూడండి. దిగితే దోషం వానది కాదు, సంపుది.

గోడకి తెల్లగా పొడి పడుతోంది. రెండు కోట్లు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే పోతుందా?

పోదు. నీళ్లు గోడలోంచి ప్రయాణిస్తూ తెచ్చిన ఉప్పు అది. పైన పెయింట్ వేస్తే దాని వెనకే పేరుకుని, పొక్కులు పొక్కులుగా పెయింట్‌ని ఊడగొడుతుంది. వైర్ బ్రష్‌తో గీకి, చెడిపోయిన ప్లాస్టరింగ్ కాంక్రీటు కనిపించేదాకా కొట్టేసి, పగుళ్లు నింపి, ఆపైన సిమెంట్ ఆధారిత క్రిస్టలైన్ పూత వేయాలి. అది కాంక్రీటు సన్నని రంధ్రాల్లోకి వెళ్లి స్ఫటికాలుగా పెరిగి వాటిని మూసేస్తుంది. లోపలివైపు నుంచి వేసినా పని చేస్తుంది. కానీ తడిపిన కాంక్రీటు మీదే వేయాలి, తర్వాత క్యూరింగ్ చేయాలి, అంటే తడుపుతూ ఉండాలి.

గోడ చెమ్మ బయటి నుంచి వస్తోందా, లోపలి గాలిదా? ఎలా తెలుస్తుంది?

రెండడుగుల చదరం మందపాటి పాలిథీన్ ముక్క తీసుకుని, గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒకటి రెండు రోజులు వదిలేయండి. విప్పేటప్పుడు వేలితో తడిమి చూడండి. గోడని ఆనుకున్న వైపు చుక్కలుంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు చుక్కలుండి లోపల పొడిగా ఉంటే గాలిలో తేమే చల్లటి గోడమీద చేరుతోంది, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. నేలమీద కూడా ఇదే పరీక్ష చేయండి. ఒక్క చోట కాదు, గోడ అడుగున, మధ్యలో, మూలల్లో.

పెద్ద వానకి ర్యాంపు మీదుగా నీళ్లు లోపలికొస్తే?

2020 అక్టోబర్ వానలకి నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోలేరు. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే ఆరంగుళాలైనా ఎత్తుగా గట్టు కట్టండి, బండి దాటేలా రెండు వైపులా వాలుతో. ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ కాలువ, అది చేరే చిన్న గుంట, అందులో ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టం పెరిగితే పంపుని దానంతట అదే ఆన్ చేసేది) ఉన్న పంపు. పెద్ద వానలోనే కరెంటు పోతుంది కాబట్టి ఆ పంపు ఇన్వర్టర్ మీద నడవాలి. వాన నీళ్ల గుంట, బాత్‌రూం మురుగు గుంట ఎప్పుడూ వేర్వేరుగానే ఉండాలి. మీ ఇల్లు చెరువు దిగువనో నాలా పక్కనో ఉండి, సెల్లార్ ఇప్పటికే ఒకసారి మునిగి ఉంటే, బార్ పైఅంతస్తులో కట్టుకోమనే నా సలహా.

## డ్రైనేజీ

మా సెల్లార్ నేల రోడ్డు మీది మ్యాన్‌హోల్ పైపు కంటే కిందుంది. కమోడ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పంపు ఉంటేనే. మురుగు వాటంమీద కిందికే పోతుంది, పైకి ఎక్కదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వానాకాలంలో రోడ్డు డ్రైనేజీ నిండితే మ్యాన్‌హోల్ మూత దాకా మురుగు వస్తుంది. మీ సెల్లార్ పైపు నేరుగా దానికి కలిసి ఉంటే, రోడ్డు మట్టానికి కిందున్న మొదటి రంధ్రం మీ కమోడే. వీధి మురుగంతా మీ బార్‌లోకి వస్తుంది.

అందుకని ఇలా చేయాలి. సెల్లార్ బాత్‌రూం, బార్ సింకు నీళ్లు మాత్రమే ఒక చిన్న గుంటలోకి చేరాలి. ఒక్క బాత్‌రూంకి 200 నుంచి 300 లీటర్లు చాలు. పెద్దది కడితే మురుగు రోజుల తరబడి నిలిచి కుళ్లుతుంది. అందులో మలాన్ని కూడా ఎత్తిపోయగల సీవేజ్ సబ్‌మర్సిబుల్ పంపు, ఫ్లోట్ స్విచ్‌తో. మామూలు నీళ్ల మోటారు పెడితే వారంలో ఇరుక్కుపోతుంది. పంపు పైన ఎన్‌ఆర్‌వీ (నీళ్లని వెనక్కి రానివ్వని వాల్వు), దానిపైన గేట్ వాల్వు. అక్కడి నుంచి పైపు గ్రౌండ్ ఫ్లోర్ దాకా, రోడ్డు మట్టం కంటే పైకి ఎక్కి, వంపు తిరిగి, అప్పుడే చాంబర్‌లోకి దిగాలి. ఈ వంపు ఉంటే ఎన్‌ఆర్‌వీ పాడైనా రోడ్డు మురుగు వెనక్కి రాలేదు. గుంటకి రబ్బరు అంచున్న గట్టి మూత, గాలి పైపు డాబా పైదాకా. నీళ్లు మట్టం దాటితే మోగే అలారం తప్పకుండా పెట్టండి. పైఅంతస్తుల బాత్‌రూంల పైపులు ఈ గుంటలో కలపకండి, అవి వాటంమీద మామూలుగా వెళ్లనివ్వండి.

నేల తవ్వాల్సిందేనా? మా ఇల్లు ర్యాఫ్ట్ ఫౌండేషన్ అంటున్నారు.

ర్యాఫ్ట్ అయితే తవ్వకండి. ఆ నేలే ఇంటి పునాది, కోస్తే లోపలి ఇనుము తెగుతుంది, కింది నీళ్లు పైకి ఉబుకుతాయి. బాత్‌రూం నేలని ఒక అడుగు ఎత్తు లేపి, ఆ ఎత్తులోనే పైపులు నడపండి. గోడవైపు అవుట్‌లెట్ ఉండే పీ-ట్రాప్ కమోడ్ తీసుకుంటే పైపు నేల పైనుంచే వెళ్తుంది. కమోడ్ వెనకే బిగించే మాసరేటర్ పంపులు కూడా ఉన్నాయి. మురుగుని నలిపి సన్నటి పైపులోంచి పైకి పంపుతాయి, తవ్వకం అక్కర్లేదు. వాటిలో నాప్కిన్, తడి టిష్యూ పడితే ఆగిపోతాయి కాబట్టి వచ్చే అతిథులందరికీ తెలిసేలా బోర్డు రాయాలి. నేల లేపాక బాత్‌రూంలో పైకప్పుకి ఏడడుగులు మిగులుతున్నాయో లేదో ముందే కొలవండి.

గుంట బ్లాక్ అయితే నేనే దిగి తీయొచ్చా?

దిగకండి. ఎవరినీ దింపకండి, డబ్బిస్తానన్నా, అతనే దిగుతానన్నా. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, గుంట అడుగునే పరుచుకుని ఉంటుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియదు, రెండు మూడు శ్వాసల్లో మనిషి పడిపోతాడు. కాపాడబోయి దిగినవాళ్లు కూడా పోతారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులని మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. పంపుని గొలుసుతో పైకి లాగేలా మొదట్లోనే బిగించుకోండి, శుభ్రం చేయడం నేలమీదే అవుతుంది. దానికీ లొంగకపోతే జలమండలి 155313 నంబర్‌కి ఫోన్ చేసి యంత్రం పిలిపించండి.

పైపుకి ఎంత వాటం ఇవ్వాలి?

నాలుగంగుళాల కమోడ్ పైపుకి అడుగుకి పావు అంగుళం. ఎక్కువిస్తే ఇంకా మంచిదనుకోకండి. నీళ్లు ముందే పారిపోయి మలం మిగిలిపోతుంది. నేల మూసేముందు బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూసి, కొలతలతో ఫోటోలు తీసుకోండి.

## బాత్‌రూం

ఎంత స్థలం కావాలి?

కమోడ్, వాష్ బేసిన్, షవర్ మూడూ పట్టాలంటే 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. బార్ కోసం మాత్రమే అయితే షవర్ వదిలేసి 4 బై 5లో సర్దుకోవచ్చు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి. లోపల ఎవరైనా జారి పడితే లోపలికి తెరుచుకునే తలుపు తీయలేం.

వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది?

పూత ఆరాక, టైల్స్ వేయకముందు, నహానీ ట్రాప్ (నేలమీది నీళ్లు పోయే జాలీ) మూసి నాలుగంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదలండి. మట్టం గోడమీద పెన్సిల్‌తో గీయండి, అది బాగా దిగితే పూత లీకవుతున్నట్టు. మేస్త్రీ తొందర పెడతాడు, ఆగమనండి. పూత గోడమీదికి కూడా అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగుల దాకా ఎక్కాలి. గోడ, నేల కలిసే మూలని ముందుగా మోర్టారుతో గుండ్రంగా మలచండి, పగుళ్లు మొదట వచ్చేది అక్కడే.

పంపు లేకుండా షవర్‌లో నీళ్లు జోరుగా వస్తాయా?

వస్తాయి. పది మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక బార్ (ఒత్తిడి కొలత) ప్రెషర్ వస్తుంది. రెండంతస్తుల ఇంటి డాబా మీది ట్యాంకు నుంచి సెల్లార్ దాకా దాదాపు అంత ఎత్తు ఉంటుంది. ఇంట్లో అన్నిటికంటే మంచి షవర్ ఇదే అవుతుంది. బోరు నీళ్లయితే ఉప్పు గట్టిగా పేరుకుంటుంది, విప్పి కడుక్కునే షవర్ తల తీసుకోండి.

గ్యాస్ గీజర్ పెట్టొచ్చా?

వద్దే వద్దు. గాలాడని చోట కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే సెల్లార్ నేలమీదే నిలిచిపోతుంది. స్నాక్స్ వేడి చేసుకోవడానికి కూడా సిలిండర్ కిందికి తేవద్దు, ఇండక్షన్ స్టవ్ వాడండి. ఎలక్ట్రిక్ గీజర్‌కి 16 ఆంపియర్ల ప్రత్యేక లైన్ లాగించండి.

కిటికీ లేదు. వాసన, ఆవిరి ఎలా పోతాయి?

ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని డక్ట్ ద్వారా ఇంటి బయటికి పంపాలి. పార్కింగ్ వైపు వదిలితే అదే గాలి తిరిగొస్తుంది. తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదలండి, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ తిరిగినా లాగదు.

నేలకి ఏ టైల్స్ మంచివి?

జారని గరుకు టైల్స్, ఎపాక్సీ గ్రౌటు. తాండూరు బండలు కూడా బాగుంటాయి, పాలిష్ చేయించకుండా వేయించండి.

## బార్ కౌంటర్

కౌంటర్ ఎత్తు, స్టూలు ఎత్తు ఎంత?

కౌంటర్ 42 అంగుళాలు, స్టూలు 30. మనిషికి రెండడుగుల వెడల్పు. కౌంటర్ బల్ల మోకాళ్ల వైపు 10 నుంచి 12 అంగుళాలు ముందుకి రావాలి, లేకపోతే కూర్చున్నవాళ్ల మోకాళ్లు చెక్కకి తగులుతూనే ఉంటాయి. కాళ్లు పెట్టుకునే కడ్డీ నేలనుంచి 8 అంగుళాల ఎత్తులో. లోపలివైపు గ్లాసులు కలిపే బల్ల వంటింటి గట్టులాగే 36. వెనక షెల్ఫుకీ దానికీ మధ్య మూడడుగుల దారి. కొనే ముందు అట్టపెట్టెలు పేర్చి అదే ఎత్తులో నిలబడి, కూర్చుని చూడండి. ఇంట్లో అందరికంటే పొట్టిగా ఉన్నవాళ్లని కూడా కూర్చోబెట్టండి.

పైన గ్రానైట్ వేయాలా, చెక్క వేయాలా?

నా ఓటు గ్రానైట్‌కే. నిమ్మరసం పడితే మార్బుల్ మచ్చ పడుతుంది, గ్రానైట్ ఓర్చుకుంటుంది. చీమకుర్తి గెలాక్సీ బ్లాక్ లైట్ కింద మెరుస్తుంది, కరీంనగర్ టాన్ బ్రౌన్ మచ్చలు కనబడనివ్వదు. ముందుకి వచ్చిన భాగం కింద ఇనుప బ్రాకెట్లు పెట్టించండి, దానిమీద ఎవరో ఒకరు ఎక్కి కూర్చుంటారు. చెక్క ఇష్టమైతే ముందు పలకకి వాడుకోండి.

ప్లైవుడ్‌కి చెదలు పడతాయని భయంగా ఉంది.

పడతాయి, సెల్లార్‌లో ఇంకా త్వరగా. అడుగు ఎత్తు దాకా ఇటుకతోనో గాల్వనైజ్డ్ ఇనుప ఫ్రేమ్‌తోనో కట్టి, ఆపైన ఐఎస్ 710 ముద్ర ఉన్న (మెరైన్) ప్లైవుడ్ వాడండి. గోడకి అంటించకుండా అంగుళం సందు వదలండి. బాత్‌రూం తలుపుకి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) మేలు.

ఫాల్స్ సీలింగ్ చేయించాలా?

పైఅంతస్తు బాత్‌రూంల పైపులు సెల్లార్ పైకప్పు కిందనుంచే వెళ్తుంటాయి. వాటిని పూర్తిగా మూసేస్తే లీకు ఎక్కడుందో తెలియదు. స్లాబుకి ముదురు రంగు వేసి వదిలేయడమే నాకు నచ్చుతుంది. చేయిస్తే చెమ్మకి ఉబ్బే జిప్సం వద్దు, ప్రతి జాయింటు కింద తెరుచుకునే మూత ఉండాలి.

## కరెంటు, సామాన్లు, వాడకం

ప్లగ్గులు ఎక్కడ పెట్టాలి?

నేలనుంచి మూడడుగులకి తక్కువ కాకుండా, ఫ్రిజ్ ప్లగ్గుతో సహా. నీళ్లొచ్చినా అప్పటికి స్విచ్ తీసే సమయం ఉంటుంది. సెల్లార్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), దాని మెయిన్ స్విచ్ మాత్రం పైన గ్రౌండ్ ఫ్లోర్‌లో. మురుగు పంపుకి సొంత ఆర్‌సీసీబీతో వేరే లైన్ ఇవ్వండి, గీజర్ ట్రిప్పయితే పంపు ఆగకూడదు.

సామాన్లు ఎక్కడ తక్కువకి దొరుకుతాయి?

పంపులు, వాల్వులు రాణిగంజ్‌లో. ఎలక్ట్రికల్, శానిటరీ కోఠి ట్రూప్ బజార్‌లో. హార్డ్‌వేర్, గ్లాసులు బేగంబజార్‌లో. పంపు మాత్రం సర్వీస్ సెంటర్ మీ ఇంటికి ఎంత దూరమో అడిగి కొనండి, పదిశాతం ఎక్కువైనా పర్లేదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

సీసాల అల్మారాకి తాళం, గాజు తలుపు వద్దు. మురుగు గుంట మూతకి బోల్టులు. ఫినాయిల్, యాసిడ్ కౌంటర్ కింద పెట్టకండి.

ఊరెళ్లి వస్తే బాత్‌రూం కంపు కొడుతోంది. ఏం చేయాలి?

నహానీ ట్రాప్‌లో నిలిచే నీళ్లు ఆవిరైపోయి మురుగు గాలి లోపలికి వస్తోంది. వెళ్లేముందు ప్రతి ట్రాప్‌లో ఒక మగ్గు నీళ్లు, పైన చెంచాడు వంటనూనె పోయండి, నూనె పొర ఆవిరవనివ్వదు. బార్ సింకుని మర్చిపోకండి, తక్కువ వాడేది అదే. పంపు స్విచ్‌లు ఆన్‌లోనే ఉంచండి, అలారం మోగితే చూడమని పక్కింటివాళ్లకి తాళం చెవి ఇచ్చి వెళ్లండి.